తడి జుట్టు, చీలిన నేల: విపత్తు సినిమాల్లో ఏ తప్పు ఎలాంటిది?

టైటానిక్ మునిగిపోయింది. నడిసముద్రంలో ఒక చెక్క మీద పడుకుని రోజ్ ఆకాశంలోకి చూస్తోంది. థియేటర్లో అందరూ కళ్లు తుడుచుకుంటున్న ఆ సమయంలో నీల్ డిగ్రాస్ టైసన్ అనే ఖగోళ శాస్త్రవేత్త మాత్రం నక్షత్రాలు చూస్తున్నాడు. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఉత్తర అట్లాంటిక్ మీద ఏ నక్షత్రం ఎక్కడ ఉండాలో లెక్క కట్టి చెప్పొచ్చు. సినిమాలో ఉన్నది ఆ ఆకాశం కాదు. పైగా కుడి సగాన్ని తిరగేసి ఎడమ సగంలో అతికించారు. టైసన్ ఈ సంగతి ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు. చివరికి 2012లో త్రీడీలో మళ్లీ విడుదల చేసినప్పుడు దర్శకుడు జేమ్స్ కామెరాన్ ఆ షాట్‌లో ఆకాశాన్ని మార్చాడు.

అదే సినిమాలో జాక్ తన చిన్నప్పుడు విస్సోటా సరస్సు మీద మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టిన ముచ్చట చెబుతాడు. విస్కాన్సిన్‌లోని ఆ సరస్సు సహజమైంది కాదు, ఆనకట్ట కట్టాక నిలిచిన నీరు. అది ఏర్పడింది 1917లో, అంటే ఓడ మునిగిన ఐదేళ్లకు. ఆ డైలాగ్ మాత్రం అలాగే ఉంది.

ఇలాంటి తప్పులు ఏరేవాళ్లకు విపత్తు సినిమా అంటే పండగే. మా తమ్ముడు ఆదివారం మధ్యాహ్నం టీవీలో డబ్బింగ్ సినిమా వస్తే చాలు, కాగితం పెట్టుకుని కూర్చునేవాడు. హీరోయిన్ జుట్టు తడిసింది, ఆరింది, మళ్లీ తడిసింది. గాయం ఎడమ చెంప నుంచి కుడి చెంపకు వెళ్లింది. భూమి రెండుగా చీలింది. వాడి లెక్కలో అన్నీ ఒక్కో మార్కే. అక్కడే నాకు పేచీ. తడి జుట్టునూ చీలిన నేలనూ ఒకే గాటన కట్టడానికి లేదు. ఒకటి పొరపాటు, రెండోది చాలాసార్లు తెలిసి తీసుకున్న నిర్ణయం.

ముందు తడి జుట్టు సంగతి చూద్దాం. సినిమాని కథ వరుసలో తీయరు. సెట్ వేశాక అందులో జరిగే సీన్లన్నీ, మొదటివైనా చివరివైనా, ఒకేసారి తీసేస్తారు. ఆర్టిస్టుల డేట్లు, వాతావరణం, అద్దెలు, ఇవన్నీ చూసుకుని షెడ్యూలు వేస్తారు. తలుపు బయట హీరో నిలబడ్డ షాట్ మార్చిలోనూ, అదే తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టిన షాట్ జులైలోనూ తీయొచ్చు. మార్చిలో పై గుండీ పెట్టుకున్నాడా లేదా అన్నది జులైలో గుర్తుండాల్సిన మనిషి ఒకరు కావాలి. హాలీవుడ్‌లో స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అంటారు. మన యూనిట్లలో ఆ పని ఎక్కువగా ఒక అసిస్టెంట్ డైరెక్టర్ నెత్తిన పడుతుంది. ‘కంటిన్యుటీ చూసుకో’ అంటారు, అంతే.

కుటుంబ కథలో ఈ పని ఓ మోస్తరు కష్టం. విపత్తు సినిమాలో నరకం. ఇక్కడ ప్రతి వస్తువూ మెట్టు మెట్టుగా పాడవుతూ పోవాలి. చొక్కా ముందు మాసిపోవాలి, తర్వాత భుజం దగ్గర చిరగాలి, ఆ తర్వాత రక్తం అంటాలి, ఆఖర్న దుమ్ము కొట్టుకుపోవాలి. కథలో పాడవడం ఒకే దిశలో సాగుతుంది. షూటింగ్ మాత్రం ముందుకూ వెనక్కూ గెంతుతుంది. అందుకని ఒకే చొక్కాకు ఒక్కో దశకు ఒక్కో కాపీ చేయించి పెట్టుకుంటారు. నీళ్లయితే మరీ తలనొప్పి. ఒకసారి ముంచేసిన సెట్‌ను మళ్లీ పొడిగా చేసి తీయడం కుదిరే పని కాదు. జుట్టు ఎంత తడిగా ఉండాలన్నదానికి కొలబద్ద లేదు. టేకుకీ టేకుకీ మధ్య పది నిమిషాలు లైట్ల కింద నిలబడితే సగం ఆరిపోతుంది.

కంటిన్యుటీ నిలబెట్టడానికి ఎంత దూరం వెళ్తారో టైటానిక్‌లోనే చూడొచ్చు. మెక్సికోలోని రొసారిటో తీరంలో దాదాపు అసలు సైజులో ఓడ సెట్ వేశారు, కానీ ఒక్క కుడి పక్కే కట్టారు. అక్కడ గాలి వీచే దిశకు ఆ పక్కయితేనే పొగ గొట్టాల పొగ సరిగ్గా వెనక్కి పోతుంది. తీరా చూస్తే, సౌతాంప్టన్‌లో అసలు ఓడ రేవుకు ఆనుకుని ఉన్నది ఎడమ పక్క. ఏం చేశారంటే, బయల్దేరే సీన్లు తీసి బొమ్మను అద్దంలోలా తిప్పేశారు. తిప్పితే అక్షరాలు కూడా తిరగబడతాయి కదా! అందుకే బోర్డుల మీదా, సామాన్ల మీదా, యూనిఫాంల మీదా అక్షరాలు ముందే తిరగేసి రాయించారు. తెర మీద చూసినప్పుడు అన్నీ తిన్నగా కనిపిస్తాయి. ఇంత చేసిన మనుషులే సరస్సు పుట్టిన ఏడాది దగ్గర బోల్తా పడ్డారు.

ఇంకో సంగతి. చాలా కంటిన్యుటీ తప్పులు ఎడిటర్ కంట పడకుండా తప్పించుకున్నవి కావు. హాలీవుడ్ ఎడిటర్లలో పెద్దవాడైన వాల్టర్ మర్చ్ ఒక కట్ మంచిదా కాదా అని తేల్చడానికి ఆరు అంశాలు చెప్పి, వాటికి శాతాలు కూడా ఇచ్చాడు. భావోద్వేగానికి 51, కథకు 23, లయకు 10. ఆ తర్వాత చూపు, తెర మీది అమరిక. మనుషులూ వస్తువులూ ఆ గదిలో ఎక్కడెక్కడ ఉన్నారన్న స్థల క్రమానికి అన్నిటికన్నా చివర 4 శాతం. రెండు టేకులున్నాయి అనుకోండి. ఒకదాంట్లో గ్లాసు సరైన చోట ఉంది గానీ ఏడుపు పండలేదు. రెండోదాంట్లో గ్లాసు పక్కకు జరిగింది గానీ ఏడుపు గుండెను పిండేసింది. ఎడిటర్ రెండోదే తీసుకుంటాడు. మా తమ్ముడు కాగితం మీద మార్కు వేస్తాడు. ఇద్దరూ కరెక్టే.

ఈ తప్పు ఎంత పెద్దదైనా హాల్లోనే పుట్టి హాల్లోనే పోతుంది. గ్లాసు జరిగినందువల్ల ఇంటికెళ్లాక ఎవరి బుర్రలోనూ ఏదీ మారదు. సైన్స్ తప్పు అలా కాదు, మనతోపాటు బయటికొస్తుంది. భూకంపం అంటే ఏమిటి, సునామీ ఎలా వస్తుంది అనేవి మనలో చాలామందికి పుస్తకాల కన్నా సినిమాల్లోంచే ముందు తెలుస్తాయి.

2015లో వచ్చిన శాన్ ఆండ్రియాస్ సినిమా చూడండి. కాలిఫోర్నియాలో శాన్ ఆండ్రియాస్ భ్రంశం, అంటే రెండు పక్కల రాయి ఒకదాన్నొకటి ఒరుసుకునే భూమి లోపలి చీలిక, తెగి, ముందు 9.1, తర్వాత 9.6 తీవ్రతతో భూకంపాలు వస్తాయి. దారిలో నేల అగాధంలా చీలిపోయి కారు ఆగిపోతుంది. తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో మీదికి గోల్డెన్ గేట్ వంతెనను మింగే సునామీ వస్తుంది. ఈ మూడింట్లో ఒక్కటీ ఆ భ్రంశంతో జరిగేది కాదు. ఎందుకు జరగదో తెలిస్తే భూకంపాల శాస్త్రం సగం అర్థమైనట్టే.

తీవ్రత సంగతి ముందు. భూకంపం ఎంత పెద్దదన్నది ఎంత వైశాల్యం మేర రాయి తెగింది, అది ఎంత దూరం జరిగింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. శాన్ ఆండ్రియాస్ పొడవు దాదాపు 1,300 కిలోమీటర్లు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర తెగిన భ్రంశం పొడవు కూడా రమారమి అంతే. అది 9.1. మరి శాన్ ఆండ్రియాస్ మొత్తం ఒకేసారి తెగినా 8.3 దాటదని లూసీ జోన్స్ లాంటి భూకంప శాస్త్రవేత్తలు ఎందుకంటున్నారు? తేడా లోతులో ఉంది. శాన్ ఆండ్రియాస్ దాదాపు నిట్టనిలువు గోడ. పైన 15, 20 కిలోమీటర్ల వరకే రాయి పెళుసుగా ఉంటుంది. ఆ కింద వేడికి మెత్తబడి, తెగకుండా సాగుతుంది. సుమత్రా దగ్గర భూమి పైపొరలోని ఒక పలక ఇంకో పలక కిందికి ఏటవాలుగా దూరుతోంది. ఏటవాలు కాబట్టి రెండూ పట్టుకుని ఉన్న భాగం వెడల్పు వంద కిలోమీటర్లు దాటిపోతుంది. పొడవు అదే అయినా ఒకటి సన్నటి రిబ్బను, ఇంకోటి వెడల్పాటి దుప్పటి. తీవ్రత ఒక అంకె పెరిగితే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన సినిమాలోని 9.6 ఆ భ్రంశం ఇవ్వగలిగిన 8.3 కన్నా దాదాపు 90 రెట్లు. పరికరాలతో కొలిచిన వాటిలో ఇప్పటిదాకా అతి పెద్దది 1960లో చిలీలో వచ్చిన 9.5. సినిమా దాన్ని కూడా 0.1 దాటించింది.

అగాధం సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. రెండు అరచేతులు గట్టిగా నొక్కిపెట్టి ఒకదాన్ని ముందుకు తోయండి. కాసేపు కదలదు, తర్వాత ఠక్కున జారుతుంది. భూకంపమంటే ఆ జారుడే. నొక్కుడు వల్ల రాపిడి, రాపిడి వల్ల బిగువు, ఆ బిగువు తెగితే కుదుపు. చేతులు ఎడంగా తీసేస్తే రాపిడి ఉండదు, రాపిడి లేకపోతే భూకంపమే రాదు. అంటే భ్రంశం అగాధంలా తెరుచుకునే రకమైతే అక్కడ అసలు భూకంపం వచ్చేదే కాదు. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోలో 7.9 తీవ్రతతో వచ్చినప్పుడు కంచెలూ రోడ్లూ కొన్ని మీటర్లు పక్కకు జరిగాయి. పగుళ్లు వస్తాయి, కొండ చరియలు జారతాయి, ఇసుక నేల కుంగుతుంది. మనుషుల్ని మింగే లోయ మాత్రం రాదు. 2001లో భుజ్‌లో జనం చనిపోయింది ఇళ్లు మీద కూలడం వల్ల.

ఇక సునామీ. బకెట్ నీళ్లలో చెయ్యి పెట్టి అడుగున అడ్డంగా రుద్దితే పైన పెద్దగా ఏమీ కాదు. అడుగు నుంచి అరచేతిని ఒక్కసారి పైకి లేపితే నీళ్లు ఒలికిపోతాయి. శాన్ ఆండ్రియాస్ పక్కకు రుద్దే రకం, పైగా చాలా భాగం నేల మీదే ఉంది. సుమత్రాది సముద్రపు అడుగును పైకి లేపే రకం. ఇక్కడ 2018లో ఇండోనేషియాలోని పాలు నగరానికి ఏమైందని ఎవరైనా అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. అక్కడ తెగిందీ పక్కకు రుద్దే భ్రంశమే, అయినా సునామీ వచ్చింది. కానీ అది సన్నటి అఖాతం, అడుగున కొండచరియలు జారడం కూడా తోడైంది. గోల్డెన్ గేట్ అంత వంతెనను మింగే అల అక్కడా రాలేదు.

ఇవన్నీ సినిమా తీసినవాళ్లకు తెలియవా? తెలుసు. దక్షిణ కాలిఫోర్నియా భూకంప కేంద్రానికి అప్పట్లో డైరెక్టర్‌గా ఉన్న టామ్ జోర్డాన్ వాళ్లకు సలహాలిచ్చాడు. 9 తీవ్రత ఈ భ్రంశానికి ఎక్కువనీ, దీనివల్ల పెద్ద సునామీ రాదనీ చెప్పానని, కొన్ని విన్నారు, చాలా వినలేదని ఆయనే తర్వాత అన్నాడు. తమ్ముడి కాగితం మీద ఇది గ్లాసు జరిగిన తప్పుతో సమానంగా ఒక్క మార్కే. కానీ గ్లాసు జరగాలని ఎవరూ మీటింగ్ పెట్టి నిర్ణయించరు.

అలా అని ఆ సినిమాను పూర్తిగా కొట్టిపారేయను. అందులోని శాస్త్రవేత్త నేల ఊగగానే అందరినీ బల్లల కింద దూరి గట్టిగా పట్టుకోమంటాడు. అది సరైన సలహా. కోట్ల మంది ఆ ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నా మేలే.

తెలిసే చేస్తారనడానికి ఇంకా మంచి సాక్ష్యం 2004 నాటి ది డే ఆఫ్టర్ టుమారోలో ఉంది. అందులో మహా తుపానులు పైనున్న అతిశీతల గాలిని కిందికి లాగుతాయి, హెలికాప్టర్లు గాల్లోనే గడ్డకడతాయి. ఒక పాత్ర అడుగుతుంది, ఆ గాలి కిందికొచ్చేసరికి వేడెక్కాలి కదా అని. వేడెక్కాలి గానీ మరీ వేగంగా దిగుతోంది కాబట్టి వేడెక్కడం లేదని ఇంకో పాత్ర జవాబిస్తుంది. ప్రశ్న బంగారం, జవాబు తలకిందులు. సైకిల్ పంపు గబగబా కొట్టి చూడండి, మొదలు కాలుతుంది. మెల్లగా కొడితే వేడి బయటికి పోయి చల్లగానే ఉంటుంది. పైనుంచి దిగే గాలిని కింది ఒత్తిడి పంపులాగే నొక్కుతుంది. కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. పది కిలోమీటర్ల ఎత్తున మైనస్ 50లో ఉన్న గాలిని ఒక్క ఉదుటున కిందికి లాగితే నేల మీదికి ప్లస్ 50 దగ్గర దిగుతుంది. న్యూయార్క్ గడ్డకట్టదు, రెంటచింతల ఎండలా మాడిపోతుంది.

ఆ సినిమాకు వెన్నెముకలా ఉన్న విషయం మాత్రం కల్పన కాదు. అట్లాంటిక్‌లో వెచ్చని నీటిని ఉత్తరానికి మోసే ప్రవాహం బలహీనపడొచ్చన్నది శాస్త్రవేత్తలు నిజంగా పట్టించుకునే సమస్య. సినిమా దాన్ని దశాబ్దాల నుంచి రోజులకు కుదించింది. అమెరికాలో ఆంటొనీ లీసెరోవిట్జ్ అనే పరిశోధకుడు ఆ సినిమా చూసినవాళ్లనూ చూడనివాళ్లనూ పోల్చి సర్వే చేస్తే, చూసినవాళ్లలో వాతావరణ మార్పు గురించి ఆందోళన ఎక్కువగా కనిపించింది. తప్పుడు భౌతికశాస్త్రం నిజమైన సమస్య మీద దృష్టి పెట్టించిందన్నమాట. దీన్ని మంచి అనాలో చెడు అనాలో నాకు ఇప్పటికీ తేలదు.

2009లో వచ్చిన 2012 సినిమా కథ మన దేశంలోనే, ఒక లోతైన రాగి గనిలో మొదలవుతుంది. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు మారిపోయి భూమి గర్భాన్ని మైక్రోవేవ్ ఓవెన్‌లా ఉడికిస్తున్నాయని అక్కడి శాస్త్రవేత్త కనిపెడతాడు. గని మాత్రం చక్కటి ఎంపిక. మన కుప్పానికి దగ్గర్లోనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల జాడ నిజంగానే పట్టారు. ప్రపంచంలో అలా పట్టిన తొలి చోట్లలో అదొకటి. అంత లోతుకు ఎందుకు వెళ్లారంటే, పైనున్న రాయి మిగతా కణాలను దాదాపు అన్నిటినీ ఆపేస్తుంది, న్యూట్రినోలను మాత్రం ఆపలేదు. సూర్యుడి న్యూట్రినోలు మన గోరంత జాగాలోంచి సెకనుకు దాదాపు 6,500 కోట్లు దూసుకుపోతుంటాయి, మనకు చక్కిలిగింత కూడా పెట్టవు. సరే, సినిమా మాట నమ్మి అవి మారిపోయాయనే అనుకుందాం. రాతినీ ఇనుమునూ ఉడికించే కణం దారిలో సముద్రాలనూ మనుషుల్నీ వదిలేసి భూగర్భాన్ని మాత్రమే ఎంచుకుంటుందా? ముందు మనమే ఉడికిపోవాలి.

నవ్వుకుని వదిలేయొచ్చు అనుకుంటాం గానీ, ఆ రోజుల్లో మన టీవీల్లో ‘యుగాంతం’ అంటూ గంటల కొద్దీ నడిచింది గుర్తుందా? అటు నాసా శాస్త్రవేత్త డేవిడ్ మారిసన్‌కు ప్రపంచం అంతమవుతుందా అంటూ వేల ప్రశ్నలొచ్చాయి. వాటిలో భయంతో వణికిపోయిన పిల్లలవీ ఉన్నాయి.

1998 నాటి ఆర్మగెడాన్ మీద నాకు ఇంత కోపం లేదు. టెక్సాస్ అంత గ్రహశకలాన్ని 18 రోజుల ముందు చూస్తారు. అసలు గ్రహశకలాల పట్టీలో అతి పెద్దదైన సెరెస్ అడ్డుకొలత దాదాపు 940 కిలోమీటర్లు, దాన్ని 1801లోనే చూశారు. వెయ్యి కిలోమీటర్ల బండరాయిలో 800 అడుగుల గొయ్యి తవ్వి బాంబు పెట్టడమంటే గుమ్మడికాయకు గుండుసూది గుచ్చినట్టు కూడా కాదు. వ్యోమగాములకు తవ్వడం నేర్పడం కన్నా తవ్వేవాళ్లను వ్యోమగాముల్ని చేయడం ఎలా సులువని అడిగితే దర్శకుడు తనను నోరు మూసుకోమన్నాడని అందులో నటించిన బెన్ అఫ్లెక్కే చెప్పాడు. ఇది తెలిసి ఆడిన ఆట, చూసేవాళ్లకూ తెలుసు. టెక్సాస్ అంత రాయి వస్తే ఏం చేయాలన్న ప్రశ్న మన జీవితంలో రాదు. చిన్న రాయి అయితే ఏం చేయొచ్చో 2022 సెప్టెంబరులో నాసా చేసి చూపింది. డార్ట్ అనే నౌకతో 160 మీటర్ల డైమార్ఫస్ అనే గ్రహశకలాన్ని ఢీకొట్టి, అది తన పెద్దన్న లాంటి ఇంకో గ్రహశకలం చుట్టూ తిరిగే సమయాన్ని 32 నిమిషాలు తగ్గించింది. పేల్చలేదు, పక్కకు నెట్టింది.

లావా మీద జీపు నడపడం, నడి లాస్ ఏంజెలెస్‌లో అగ్నిపర్వతం పుట్టడం కూడా ఈ కోవలోకే వస్తాయి. ముచ్చటపడి చూసి మర్చిపోవచ్చు.

నిజాన్ని పట్టుకున్నా ఉత్కంఠ తగ్గదని 2015లోనే నార్వే వాళ్లు తీసిన ది వేవ్ చూస్తే తెలుస్తుంది. అందులోని ఆకెర్నేసెట్ కొండ చీలిక నిజంగా ఉంది, దాన్ని రాత్రింబవళ్లు పరికరాలతో కనిపెట్టుకుని ఉంటారు. 1934లో అక్కడికి దగ్గర్లోని టాఫ్యోర్డ్‌లో కొండ విరిగి నీళ్లలో పడితే లేచిన అలకు 40 మంది చనిపోయారు. అలాంటి చోట నిజంగానే అల గోడలా ఎత్తుగా వస్తుంది, ఎందుకంటే కొండ నేరుగా ఇరుకు నీళ్లలోకి పడుతుంది. మహా సముద్రంలో అలా కాదు. 2004లో సునామీ మొదలైన రెండు గంటలకు ఒక ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా వెళ్తూ అల ఎత్తు కొలిస్తే, నడిసముద్రంలో దాదాపు 60 సెంటీమీటర్లే ఉంది. పైన పడవలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. ఒడ్డుకు చేరాక లేస్తుంది, అప్పుడు కూడా ఎక్కువగా విరిగిపడే గోడలా ఉండదు. ఆగకుండా లోపలికి తోసుకొచ్చే నల్లటి నీరు, అందులో కార్లూ చెట్లూ. ఒకటి వెళ్లాక ఇంకోటి, కొన్ని గంటల పాటు.

ఇప్పుడు శాన్ ఆండ్రియాస్‌లో ఒక దృశ్యం దగ్గరికి మళ్లీ రావాలి. సునామీకి ముందు అఖాతంలో నీళ్లు వెనక్కి పోతాయి, అది చూసి హీరో ప్రమాదాన్ని పసిగడతాడు. విపత్తు సినిమాలన్నీ కలిసి జనానికి నేర్పిన మంచి పాఠం ఏదైనా ఉందంటే అదే. 2004లో థాయ్‌లాండ్ తీరంలో సరిగ్గా అలాగే జరిగింది. సముద్రం వెనక్కి పోతే బళ్లో చెప్పిన పాఠం గుర్తొచ్చి ఒక పదేళ్ల బ్రిటిష్ పాప అరిచింది, ఆ బీచ్‌లో ఉన్నవాళ్లు బతికారు.

మన వైపు లెక్క వేరు. ఆ రోజు సుమత్రా పక్కన సముద్రపు అడుగు పడమటి వైపు లేచింది, తూర్పు వైపు కుంగింది. కుంగిన వైపున్న థాయ్‌లాండ్‌కు ముందు నీళ్లు తగ్గాయి. లేచిన వైపున్న మనకూ శ్రీలంకకూ ముందు వచ్చింది పెరిగే నీరే. దాదాపు రెండున్నర గంటల తర్వాత ఆంధ్ర తీరాన్ని తాకింది, వంద మందికి పైగా చనిపోయారు. అదే భ్రంశం మళ్లీ అలాగే తెగితే మచిలీపట్నంలోనో భీమిలిలోనో ఒడ్డున నిలబడ్డవాడికి సినిమాలో చూసిన ఆ గుర్తు ముందుగా కనిపించకపోవచ్చు. సముద్రపు అడుగున నీటి ఒత్తిడి కొలిచే పరికరాల నుంచి సంకేతం హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌కు, అంటే భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రానికి చేరుతుంది. మన దేశానికి సునామీ హెచ్చరికలు 2007 అక్టోబరు నుంచి అక్కడి నుంచే వెళ్తున్నాయి, సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊరి నుంచి.